చీటీ ముందే పాడాలా, ఆగాలా? ఫుట్‌బాల్ అభిమాని వేసుకోవాల్సిన లెక్క

19 ఏళ్ళుగా సికింద్రాబాద్‌లో ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో లెక్కలు రాస్తున్నాను. ఫుట్‌బాల్ పిచ్చి అంతకంటే పాతది, నాన్న నుంచి వచ్చింది. ఈ రెండూ ఒకే లెక్క అని నాకు తట్టడానికి మాత్రం మా ఊరి ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టి, కప్పు గెలిచి, ఊరు విడిచి వెళ్ళిపోయేదాకా పట్టింది.

మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది. లండన్ జట్టు ఆర్సెనల్ అంటే ప్రాణం. బదిలీల సీజన్ వచ్చిందంటే నాకు ఫోన్ మోగుతూనే ఉంటుంది. "మామా, ఆ పెద్దాయన్ని ఎందుకు తెచ్చిన్రు? పిల్లలకి చాన్స్ ఇయ్యొచ్చు గదా!" అంటుంది. రెండు మ్యాచ్‌లు ఓడితే మళ్ళీ తనే, "ఒక్క మంచి స్ట్రైకర్‌ని కొనలేరా మామా వీళ్ళు?" అంటుంది. ఆ పిల్లను తప్పు పట్టను. అభిమాని మనసు రెండు వైపులా లాగుతుంది. ఏ రోజు ఏ వైపు మొగ్గాలో తూచుకోవడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. తనకు నేర్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చీటీ సంగతి, తెలియని కుర్రకారు కోసం. 50 మంది నెలకు 10 వేలు కడతారు. 5 లక్షల చీటీ. ప్రతి నెలా పాట, అంటే వేలం, జరుగుతుంది. ఎవరు ఎక్కువ వదులుకుంటే డబ్బు వాళ్ళది. మూడో నెలలో పాడుకున్నాయన లక్షన్నర దాకా వదులుకుని మూడున్నర లక్షలు పట్టుకుపోతాడు, తర్వాత 47 నెలలూ కడుతూనే ఉంటాడు. చివరిదాకా ఆగినాయనకు పాట బాధ లేదు. నెలనెలా డివిడెండ్, అంటే పాడినవాళ్ళు వదులుకున్నదాంట్లో వాటా, కలిసొస్తుంది, ఆఖర్న దాదాపు నిండు డబ్బు చేతికొస్తుంది. అంతమాత్రాన ముందే పాడినాయన తెలివితక్కువవాడు కాదు. ఇంట్లో పెళ్ళి ముహూర్తం పెట్టుకున్నవాడికి నాలుగేళ్ళ తర్వాత వచ్చే నిండు డబ్బుతో పనేముంది?

ఇప్పుడే గెలవడమంటే ముందే పాడుకోవడం. అనుభవం ఉన్నవాళ్ళను తెచ్చి, రేపటి డబ్బు ఇవాళ ఖర్చుపెట్టి, కుర్రాళ్ళ నిమిషాలు వదులుకుని కప్పు ఎత్తుకోవడం. రేపటికి కట్టుకోవడమంటే పాటలో చెయ్యెత్తకుండా కూర్చోవడం. రెండూ సబబే. ఏది ఎప్పుడు సబబన్నదే లెక్క.

అన్నిటికంటే ముందు: చీటీ నడిపేవాడు నిలబడతాడా?

అభిమానులు ఈ ప్రశ్నను ఆఖర్న అడుగుతారు. నేను మొదటే అడగమంటాను, కారణం మా ఇంట్లోనే ఉంది.

నేను బడికెళ్ళే రోజుల్లో నాన్న మా వీధిలో ఒకాయన దగ్గర చీటీ వేశాడు. రిజిస్ట్రేషన్ లేదు, రసీదు లేదు, నమ్మకమే. అక్క పెళ్ళికి నిండు డబ్బు రావాలని ఎప్పుడూ పాట పాడలేదు. ఓపికగా ఆగాడు. ఇంకో పది నెలలు ఉందనగా ఒక పొద్దున ఆ ఇంటికి తాళం. మొదట్లో పాడుకున్నవాళ్ళంతా ఎంతో కొంత తీసుకుని బయటపడ్డారు. అందరికంటే ఓపిక పట్టిన నాన్నకు అందరికంటే ఎక్కువ పోయింది. ఆగడంలో తప్పు లేదు. ఎవరి దగ్గర ఆగుతున్నామో చూసుకోకపోవడంలో ఉంది.

జట్టుకూ అంతే. "మూడేళ్ళు ఓపిక పట్టండి, కుర్రాళ్ళను తయారు చేస్తున్నాం" అని క్లబ్బు అన్నప్పుడు మీరు దానికి అప్పు ఇస్తున్నారు. మీ ఆదివారాలు, మీ గొంతు, మీ టికెట్ డబ్బు. తిరిగి ఇచ్చే స్తోమత దానికి ఉందా అని చూసే హక్కు మీకుంది. చూడ్డానికి పెద్ద చదువులు అక్కర్లేదు. సీజన్ మధ్యలో ఆటగాళ్ళు, కోచ్‌లు కాంట్రాక్టు తెంపుకుని వెళ్ళిపోతున్నారా? జీతాల మాట వార్తల్లోకి వచ్చిందా? కొత్తవాళ్ళను నమోదు చేసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం పెట్టిందా? ఏటా క్లబ్ లైసెన్సింగ్ (క్లబ్బుకు ఆడే అర్హత ఉందా అన్న పరీక్ష) ఫలితాలు వచ్చినప్పుడు మీ క్లబ్బు ఏ వరసలో ఉంది? కుర్రాళ్ళ జట్టు ఒకటి నిజంగా ఎక్కడో మైదానంలో ఆడుతోందా, లేక పోస్టర్లలోనే ఉందా? వీటిలో రెండు తేడాగా కనిపిస్తే "భవిష్యత్తు" అన్న మాటకు విలువ సగానికి తగ్గించుకోండి.

ఇంగ్లండ్‌లో లీడ్స్ యునైటెడ్ సంగతి చూడండి. 2001లో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా వెళ్ళింది. జట్టులో కుర్రాళ్ళకు కొదవ లేదు. ఆ పైమెట్టు మీదే ఎప్పటికీ ఉంటామన్న ధీమాతో అప్పులు చేసింది. 2004కల్లా ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారింది, 2007లో మూడో అంచెకు పడింది. మళ్ళీ పైకి రావడానికి 2020 దాకా పట్టింది. అక్కడ పోయింది ఇవాళ్టి కప్పు మాత్రమే కాదు, రేపటి జట్టు కూడా. మంచి కుర్రాళ్ళంతా అప్పుల కింద ఒక్కొక్కరే అమ్ముడుపోయారు.

ఒక నోట్‌బుక్ కొనండి

200 పేజీల రూళ్ళ పుస్తకం చాలు. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస. పేరు, వయసు, కాంట్రాక్టు ముగిసే ఏడాది, ఈ సీజన్ ఆడిన నిమిషాలు, ఆఖర్న "ఇతను పోతే ఎవరు?" అని ఒక గడి. ఆ చివరి గడిలో ఎన్ని పేర్లు రాయగలరో అదే మీ జట్టు భవిష్యత్తు. ఖాళీలు ఎక్కువుంటే అంతా ఇవాళ మీదే నడుస్తోందని అర్థం.

కాంట్రాక్టు గడి చాలామంది వదిలేస్తారు. వదలొద్దు. ఆఖరి ఆరు నెలల్లో ఆటగాడు వేరే క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు, గడువు అయ్యాక పైసా బదిలీ రుసుము లేకుండా వెళ్ళిపోవచ్చు. అంటే 22 ఏళ్ళ కుర్రాడికి కాంట్రాక్టు ఒక్క ఏడాదే మిగిలి ఉంటే అతను మీ రేపు కాదు, ఇంకెవరి రేపో. 2012లో ఆర్సెనల్‌కు ఇదే జరిగింది. రాబిన్ వాన్ పెర్సీ అంతకుముందు సీజన్‌లో లీగ్‌లో 30 గోల్స్ కొట్టిన కెప్టెన్. కాంట్రాక్టు ఒక్క ఏడాది మిగిలింది. పొడిగించనన్నాడు. మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మక తప్పలేదు. అక్కడ 26 గోల్స్ కొట్టాడు, ఆ జట్టు 2013లో చాంపియన్ అయింది. అప్పటికే ఆర్సెనల్ 2005 నుంచి కప్పు లేకుండా ఉంది. 2006లో కొత్త స్టేడియంలోకి మారాక వాళ్ళ అభిమానులను ఓపిక పట్టమన్నారు, వాళ్ళు పట్టారు. 2014లో గానీ మళ్ళీ ఎఫ్ఏ కప్ ఎత్తలేదు. ఆ తొమ్మిదేళ్ళ మీద ఎన్ని విమర్శలున్నా, క్లబ్బు నిలబడే ఉంది. అక్కడ ఓపిక పట్టినవాళ్ళకు పట్టుకోవడానికి ఒక గోడైనా మిగిలింది.

వయసు గడి చూసేటప్పుడు స్థానం కూడా చూడాలి. మైదానం అంచున పరుగు మీద బతికే వింగర్‌కు 30 దాటితే ఏటా ఒక గజం తగ్గినట్టు ఉంటుంది. గోల్‌కీపర్‌కు, అతని ముందు మధ్యలో కాపు కాసే సెంటర్ బ్యాక్‌కు ఆ వయసులో కన్ను ఇంకా పదునెక్కుతుంది. 32 ఏళ్ళ గోల్‌కీపర్‌ను ముసలివాడని కొట్టేయకండి.

కుర్రాణ్ణి ఎలా చూడాలి

"యువ ప్రతిభ" అని పేపర్లు రాసినంత మాత్రాన కుర్రాడు రేపటి జట్టు అయిపోడు. మన కళ్ళతో చూడాలి. మ్యాచ్‌లో ఒక 15 నిమిషాలు కేటాయించండి. బంతిని వదిలేయండి, ఆ ఒక్కణ్ణే చూడండి. మొదట్లో విసుగ్గా ఉంటుంది, అందరూ అరుస్తుంటే మీరు వేరే వైపు చూస్తుంటారు. ఐదు నిమిషాలకు అలవాటవుతుంది.

నాకు ఈ చూపు నేర్పింది ఆకాశ్ మిశ్రా. హైదరాబాద్ ఎఫ్‌సీ లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు కాపు కాసేవాడు. 2022 అక్టోబర్‌లో జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చాక నేను టచ్‌లైన్ పక్క స్టాండ్‌లో, వీలైనంత కిందికి కూర్చునేవాణ్ణి. ఆకాశ్‌కు అప్పటికి 21 కూడా నిండలేదు. లెఫ్ట్ బ్యాక్ ముందుకు పరిగెత్తడం ఎవరైనా చూస్తారు, చప్పట్లు కొడతారు. నేను చూసింది వెనక్కి రావడం. బంతి పోగొట్టుకున్న క్షణంలో తల దించుకున్నాడా, చేతులు గాల్లోకి ఎగరేశాడా, లేక అప్పటికే మలుపు తిరిగి పరుగందుకున్నాడా? ఆ తిరగడంలో ఒక్క అడుగు వృథా అయినా ఎదుటి వింగర్ దాటిపోతాడు. ఆ కుర్రాడు తిరిగే తీరు చూస్తే, పోయిన బంతి గురించి ఆలోచించడం ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాడా అనిపించేది.

రెండోది, తప్పు చేశాక ఆడే తర్వాతి పాస్. భయపడ్డ కుర్రాడు పక్కకో వెనక్కో తోసేస్తాడు. ధైర్యం ఉన్నవాడు మళ్ళీ ముందుకే ఆడతాడు. ఒక సీజన్‌లో పది తప్పులు చేసి పదిసార్లూ ముందుకు ఆడినవాణ్ణి నేను రెండు తప్పులు చేసి ముడుచుకుపోయినవాడికంటే పైన రాసుకుంటాను.

మూడోది అలవాటు లేని కాలు. ఇది మన ఊరి పాఠం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానం దాకా, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం దాకా నడిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్‌లో బడి పంతులుగా మొదలైనవాడు. కుర్రాళ్ళకు ఆయన పెట్టిన టోర్నమెంట్లు వేరు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, పాస్ ఇచ్చి తీరాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలుతోనే ఆడాలి. ఆ టోర్నమెంట్‌లో ఓడినా గెలిచినా ఎవరికీ గుర్తుండదు. నాలుగేళ్ళ తర్వాత రెండు కాళ్ళతో ఆడే మనిషి మిగులుతాడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఇవాళ గెలవడం, రేపటికి కట్టడం రెండూ ఒకే మనిషి ఒకే ఊళ్ళో చేశాడు. సాధ్యం కాదని నాతో ఎవరైనా అంటే ఒప్పుకోను.

అయితే ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్ళాడు, ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. హబీబ్, నయీముద్దీన్, అక్బర్ లాంటి మన ఊరి ఆటగాళ్ళందరూ అటే. తప్పు వాళ్ళది కాదు, డబ్బూ జనమూ అక్కడున్నాయి. మనం చెట్లు పెంచాం, పళ్ళు వాళ్ళు తిన్నారు. 1963లో రహీం సాబ్ పోయాక అలాంటి తోటమాలి మళ్ళీ దొరకలేదు. కాబట్టి మీ జట్టు కుర్రాళ్ళను తయారు చేస్తోందంటే సంతోషించండి, కానీ వాళ్ళను నిలుపుకునే శక్తి ఉందా అని నోట్‌బుక్‌లో పక్కనే రాయండి. కాంట్రాక్టు గడి అందుకే.

పాట పాడదగ్గ రోజు

ఇప్పుడు ఎప్పుడు ముందే పాడుకోవాలో చెబుతాను. దీనికి హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి మూడేళ్ళ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

2019లో జట్టు పుట్టింది, దేశంలో పై లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడింది. ముప్పై దాటిన విదేశీ ఆటగాళ్ళు చాలామందే వచ్చారు. నవంబర్ 2న గచ్చిబౌలిలో మొదటి హోమ్ మ్యాచ్‌కు నాన్నను తీసుకెళ్ళాను. కేరళ బ్లాస్టర్స్ తరఫున రాహుల్ కేపీ ముందు గోల్ కొట్టాడు. స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. తర్వాత మార్సెలిన్యో ఫ్రీకిక్ లోపలికి దిగింది. 2-1. నాన్న పక్కనున్న కుర్రాడి భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆ సీజన్‌లో ఇంకొక్కసారి మాత్రమే గెలిచాం. 18 మ్యాచ్‌లకు 2 విజయాలు, పట్టికలో అట్టడుగు. పునాది లేకుండా పాట పాడితే అంతే, పోయింది పోగా చేతికేమీ రాలేదు.

2020లో కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చాడు. పద్ధతి పూర్తిగా మార్చాడు. ఆశిష్ రాయ్, ఆకాశ్ మిశ్రా, లిస్టన్ కొలాసో, మహమ్మద్ యాసిర్, హితేశ్ శర్మ, ఇలా కుర్రాళ్ళను వారం వారం ఆడించాడు. కోవిడ్ వల్ల లీగ్ అంతా గోవాలోనే, ఖాళీ స్టేడియాల్లో. చివరి మ్యాచ్ ఎఫ్‌సీ గోవాతో 0-0, ఐదో స్థానం, మొదటి నాలుగు జట్లకే దొరికే ప్లేఆఫ్ చేజారింది. ఆ రాత్రి నాన్నకు కోపం వచ్చింది. "గోల్ కొట్టేటోడు ఒక్కడు లేడు" అన్నాడు. నేను నోట్‌బుక్ తీశాను. ఖాళీ గడి ఒక్కటే ఉంది, అది ముందువరసలో. మిగతా అన్ని స్థానాల్లో వయసు, నిమిషాలు, కాంట్రాక్టు మనవైపే ఉన్నాయి.

ఇదీ పాట పాడదగ్గ రోజు. ఖాళీ ఒక్కటే ఉన్నప్పుడు. నాలుగు ఖాళీలున్న జట్టుకు పెద్ద స్ట్రైకర్‌ను తేవడం చిల్లుల బిందెలో పాలు పోయడం. ఒక్క ఖాళీ ఉన్న జట్టుకు అది మూత.

2021లో 37 ఏళ్ళు నిండబోతున్న స్ట్రైకర్ బార్తొలోమ్యూ ఒగ్బెచేను తెచ్చారు. మా అక్క కూతురు అప్పుడు ఎనిమిదో తరగతి, "37 ఏంది మామా!" అని నవ్వింది. నేను మాత్రం ఆ ఒప్పందాన్ని మొదటి రోజు నుంచీ సమర్థించాను. ఎందుకంటే ఆ ఏడాదే లీగ్ నియమం మారింది. మైదానంలో విదేశీయులు ఐదుగురి నుంచి నలుగురికి తగ్గారు. అంటే ఏడుగురు భారతీయులు ఆడాలి. ఏ జట్టుకు మంచి భారతీయ కుర్రాళ్ళుంటే దానికి లాభం, వాళ్ళు మన దగ్గర సిద్ధంగా ఉన్నారు. పైగా ఒగ్బెచే వచ్చింది విదేశీ స్ట్రైకర్ స్థానంలోకి, ఏ కుర్రాడి చోటూ అడ్డుకోలేదు. వృద్ధుణ్ణి తేవాలా వద్దా అన్నప్పుడు అతని వయసు కంటే ముందు అతను ఎవరి కుర్చీలో కూర్చుంటాడో చూడండి.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ అంతకు ఏడాది ముందే ఆర్సెనల్‌లో ఉంది. 32 ఏళ్ళ విల్లియన్‌కు మూడేళ్ళ కాంట్రాక్టు ఇచ్చారు. అతను ఆడేది వింగ్‌లో. అక్కడ సాకా, మార్టినెల్లీ వంటి పిల్లలు ఎదుగుతున్నారు. పరుగు మీద బతికే స్థానం, ముప్పై దాటిన వయసు, పొడుగు కాంట్రాక్టు, కుర్రాడి కుర్చీ. నాలుగూ తప్పే. లీగ్‌లో ఒక్క గోల్ కొట్టి ఏడాదికే వెళ్ళిపోయాడు. మంచి ఆటగాడే, చెల్సీలో లీగ్ గెలిచినవాడే. పాట పాడిన నెల తప్పు.

ఒగ్బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి, అందరికంటే ఎక్కువ గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. దానికి ముందే లిస్టన్ కొలాసోను ఏటీకే మోహన్ బగాన్‌కు అమ్మారు, భారతీయ ఆటగాడికి అప్పట్లో అది రికార్డు రుసుమని పత్రికలు రాశాయి. నేను బాధపడ్డాను. కానీ అతని వరసలో "పోతే ఎవరు?" గడి ఖాళీగా లేదు. కుర్రాణ్ణి అమ్మడం నేరం కాదు. ఆ గడి ఖాళీగా ఉండగా అమ్మడం నేరం. సెమీఫైనల్‌లో అదే మోహన్ బగాన్‌ను రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో దాటి ఫైనల్‌కు వెళ్ళాం.

మీ ఇంట్లో గడువు ఎంత?

2022 మార్చి 20, గోవాలో ఫతోర్డా స్టేడియం. స్టాండ్లన్నీ పసుపు, అయితే అది మన పసుపు కాదు, కేరళ నుంచి వచ్చినవాళ్ళది. మేం మల్కాజిగిరి ఇంట్లో టీవీ ముందు. 68వ నిమిషంలో మళ్ళీ ఆ రాహుల్ కేపీయే గోల్ కొట్టాడు. నాన్నకు అప్పటికి 80. అమ్మ మందుల డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. 88వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి వాలీ కొట్టాడు. ఆ బంతి గోల్‌లోకి దిగేటప్పుడు నాన్న చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది, తాగనూ లేదు, దించనూ లేదు. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. ముప్పై దాటిన గోల్‌కీపర్. నార్జరీ ఆఖరిది వేసేశాడు. 3-1.

నాన్న ఫతే మైదాన్‌లో సిటీ పోలీస్ ఆట చూసి పెరిగినవాడు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ రెండేళ్ళు వరసగా గెలవడం, 1966లో ఆంధ్రప్రదేశ్ గెలవడం ఆయన జ్ఞాపకాలు. ఆ తర్వాత 56 ఏళ్ళు ఆగాడు. అంతకు రెండేళ్ళ ముందు, జట్టు అట్టడుగున ఉన్నప్పుడు, నేను "రేపటికి కడుతున్నారు నాన్నా" అంటే, "నాకు రేపెక్కడుందిరా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. కప్పు గెలిచిన మరుసటి ఏడాది ఆయన పోయాడు. బలరాం, హబీబ్ పోయింది కూడా ఆ 2023లోనే.

అందుకే అభిమాని లెక్కలో అభిమాని వయసు కూడా ఒక గడి అంటాను. కోచ్‌కు అది అక్కర్లేదు, మనకు కావాలి. మీ పక్క సీట్లో 80 ఏళ్ళ మనిషి ఉంటే ఇవాళ గెలవమని అరవండి, సిగ్గుపడొద్దు. 12 ఏళ్ళ పిల్ల ఉంటే కుర్రాళ్ళ తరఫున మాట్లాడండి. ఇద్దరూ ఉంటే, మా ఇంట్లోలా, ఒక్కో సీజన్‌కు ఒక్కొక్కరి మాట వినండి.

ఆగినవాళ్ళకు ఏమైంది

2022-23లో రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. నా నోట్‌బుక్ అప్పటికీ బాగానే ఉంది. ఆ లెక్క ప్రకారం ఇంకో నాలుగేళ్ళు మనవే. ఆశిష్ ముందే మోహన్ బగాన్‌కు వెళ్ళాడు. 2023లో మార్కెజ్ గోవాకు, ఆకాశ్ ముంబైకి, ఒగ్బెచే కూడా వెళ్ళిపోయాడు. ఆ సీజన్‌లో ఆర్థిక ఇబ్బందులు, ఫిఫా బదిలీ నిషేధం, మధ్యలో ఆటగాళ్ళ నిష్క్రమణ. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో మిగిలిన కుర్రాళ్ళతోనే నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క విజయం. ఆ పిల్లలు ప్రతి వారం ఓడుతూ కూడా పరిగెత్తారు, అందుకు వాళ్ళకు నా దండం. 2025లో జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది.

ఎవరినీ నిందించడానికి ఇది రాయడం లేదు. నా నోట్‌బుక్‌లో లోపం ఎక్కడుందో చెప్పడానికి రాస్తున్నాను. ఆటగాళ్ళ వరసలన్నీ నింపాను, క్లబ్బు వరస ఒక్కటీ రాయలేదు. రోజంతా చీటీల ఆఫీసులో కూర్చుని జామీనుదారు సంతకం లేకుండా ఒక్క చెక్కు కూడా కదలనివ్వని నేను, నా జట్టుకు జామీను ఎవరని ఎప్పుడూ అడగలేదు. కుర్రాళ్ళందరూ నిజమే, ప్రతిభ నిజమే. కానీ అది ఇప్పుడు ముంబైలో, గోవాలో, కలకత్తాలో పండుతోంది. 2022 కప్పు మాత్రం నాన్న చూసేశాడు. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

కొత్త పేజీ

మా అక్క కూతురికి ఇప్పుడు నేర్పుతున్న క్రమం ఇది. మొదటి పేజీలో క్లబ్బు: జీతాలు, లైసెన్స్, కుర్రాళ్ళ జట్టు, సొంత మైదానం. అది కుదిరితేనే రెండో పేజీ తెరవాలి, ఆటగాళ్ళ వరసలు. ఖాళీ గడులు లెక్కపెట్టాలి. ఒకటి ఉంటే పాట పాడమని అరవాలి, నాలుగుంటే నోరు మూసుకుని కుర్రాళ్ళను చూడాలి. మొదటి పేజీ కుదరకపోతే ఏం చేయాలని అడిగింది. అప్పుడు ప్రతి మ్యాచ్‌నూ ఇవాళ్టి మ్యాచ్‌గానే చూడమన్నాను. స్టేడియానికి వెళ్ళు, కేకలెయ్యి, కానీ మూడేళ్ళ తర్వాత సంగతి ఎవరు చెప్పినా తల ఊపకు.

ఇంకో సంగతి కూడా చూడమన్నాను. గెలిస్తే ఏం దొరుకుతుంది? కింది అంచెలో ఆడే జట్టుకు ఈ ప్రశ్న చాలా పెద్దది. మన ఊళ్ళోనే ఐ-లీగ్‌లో ఆడిన శ్రీనిధి డెక్కన్ ఉంది. 2022-23లో రెండో స్థానం, ఆ ఏడాది మొదటి స్థానంలో నిలిచిన పంజాబ్ పై లీగ్‌కు వెళ్ళింది. 2023-24లోనూ రెండో స్థానమే, మహమ్మదన్ స్పోర్టింగ్ పైకి వెళ్ళింది. ఒక్క మెట్టు తేడాకు రెండుసార్లు పై లీగ్ తలుపు మూసుకుంది. అలాంటి చోట రెండో స్థానానికీ ఎనిమిదో స్థానానికీ తేడా దాదాపు లేదు, మొదటి స్థానానికి మాత్రం జట్టు తలరాతనే మార్చే విలువ ఉంది. అక్కడ జనవరిలో ఇద్దరు అనుభవజ్ఞులను తెస్తామంటే నేను అడ్డు చెప్పను.

పోయిన నెల ఒక ఆదివారం ఆ పిల్లను మా వీధి చివర మైదానానికి తీసుకెళ్ళాను. పాత బంతి, ఇటుకలతో గోల్. కుడికాలు వాడితే లెక్కలోకి రాదని చెప్పాను. మొదటి పది బంతులూ పక్కకే పోయాయి. పదకొండోది ఇటుకకు తగిలింది. సాయంత్రం ఇంటికొచ్చాక కొత్త నోట్‌బుక్ తెరిచి, మొదటి పేజీ పైన తేదీ వేసి, కింద క్లబ్బు పేరు రాయాల్సిన చోట పెన్ను ఆపి, "ఎవరి పేరు రాయను మామా?" అంది. ఇంకా ఖాళీగానే ఉంది ఆ గీత. వచ్చే శనివారం శ్రీనిధి డెక్కన్ మైదానం ఉన్న అజీజ్‌నగర్ వైపు వెళ్ళి, అక్కడి మైదానంలో కుర్రాళ్ళెవరైనా సాధన చేస్తున్నారేమో చూసొచ్చాక రాద్దామనుకున్నాం.